ఇద్దరి చేతి బట్టకు ఒక్క పేరేనా?

రామంతాపూర్: హైదరాబాదు నగరానికి తూర్పు వాకిలి ఉప్పల్. వరంగల్లు, యాదగిరిగుట్ట వైపు నుంచి, ఘట్‌కేసర్, బీబీనగర్ చుట్టుపట్ల పల్లెల నుంచి బస్సెక్కినవారు నగరంలో ముందుగా అడుగుపెట్టేది ఇక్కడే. దాన్ని ఆనుకునే ఉంది రామంతాపూర్. దూరదర్శన్ కేంద్రం, ప్రభుత్వ పాలిటెక్నిక్, హోమియో వైద్య కళాశాల ఉన్న ఈ పేటకు జిల్లాల నుంచి చదువు కోసం పిల్లలు వస్తుంటారు.

వస్త్రాల చదువు చదివేవారికి ఈ చోటు మరీ అనువైనది. ఉప్పల్‌లో మెట్రో రైలెక్కి పడమటికి పోతే, హైటెక్ సిటీ దగ్గర దిగి మాదాపూర్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థకు చేరవచ్చు. దాన్నే అందరూ 'నిఫ్ట్' అంటారు. టెక్స్‌టైల్ టెక్నాలజీ చెప్పే ఉస్మానియా సాంకేతిక కళాశాల ఇంకా దగ్గర. అదే ఉప్పల్ నుంచి తూర్పుకు బస్సెక్కితే గంటా గంటన్నరలో భూదాన్ పోచంపల్లి మగ్గాల చప్పుడు వినవచ్చు. అటు గీత నేర్పే బడి ఉంటే ఇటు ఆ గీతను బట్ట చేసే చేయి ఉంది.

ఈ రెండూ కలిసి చేసే పనికి ఇప్పుడు 'ఉమ్మడి కలెక్షన్' అన్న పేరు వినిపిస్తోంది. ఆ పని ఎలా సాగుతుంది, ఎక్కడ చిక్కుపడుతుంది, చివరికి ఎవరికి ఏం మిగులుతుంది అన్నది మగ్గమున్న ప్రతి ఊరూ, ఆడపిల్లను నగరానికి పంపి చదివిస్తున్న ప్రతి ఇల్లూ తెలుసుకోదగ్గ సంగతి.

కలెక్షన్ అంటే ఏమిటి?

ఫ్యాషన్ చదువులో 'కలెక్షన్' అంటే పోగేసిన బట్టల మూట కాదు. ఒకే ఆలోచన మీద, ఒకదానికొకటి పొత్తు కుదిరేట్టు తయారుచేసిన అయిదారు జతల దుస్తులు. రంగులు, పువ్వు, కుట్టు చూడగానే ఇవన్నీ ఒక తల్లి పిల్లలని తెలియాలి. చదువు ముగిసే సంవత్సరంలో విద్యార్థులు దీన్ని చేసి చూపాలి. దాన్ని చూసే మార్కులు వేస్తారు, దాన్ని చూసే ఉద్యోగాలూ ఇస్తారు.

1986లో ఢిల్లీలో మొదలైన నిఫ్ట్‌కు 1995లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. ఇందులోని విద్యార్థులు చేతిపనుల ఊళ్లకు వెళ్లి, అక్కడి పనిని చూసి రాసుకోవడం చదువులో భాగం. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వంటి చేనేత ఊళ్లు ఉన్న రాష్ట్రంలో ఈ రాకపోకలు సహజమే.

మాట తేలికగా అర్థం కావడానికి ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. జనగామ వైపు నుంచి వచ్చి రామంతాపూర్‌లో గది తీసుకున్నది. టెక్స్‌టైల్ చివరి సంవత్సరం. పోచంపల్లి చిటికి నేతతో ఆరు జతల కలెక్షన్ చేయాలని పట్టుదల. కాగితం మీద బొమ్మలు సిద్ధం. పోచంపల్లిలో ఒక నేత కుటుంబం సరేనంది. ఇక్కడి నుంచి ఆమె పని ఎలా నడుస్తుందో చూద్దాం.

కాగితం మీది పువ్వు మగ్గం మీదికి రావాలంటే

మొదటి అడ్డంకి కాగితం దగ్గరే ఎదురవుతుంది. విద్యార్థిని గీసుకువచ్చిన పువ్వుకు గుండ్రటి రేకులు, సన్నటి కాడ ఉంటాయి. "ఇట్ల రాదు బిడ్డా, గళ్ల కాగితం మీద వెయ్యి" అంటాడు నేతపని పెద్ద. ఎందుకంటే చిటికి నేతలో పువ్వును బట్ట మీద వేయరు, నూలులోనే వేస్తారు. నేయక ముందే నూలుకు ఎక్కడ ఏ రంగు రావాలో లెక్క కట్టి, రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట తెలుపు నిలుస్తుంది, మిగతా చోట రంగు పడుతుంది. రెండో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. అందుకే ఒక్క రంగు పెంచినా పని మొత్తం మళ్లీ ఒక చుట్టు తిరుగుతుంది.

గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ కొన్ని పోగుల కట్టకు గుర్తు. గుండ్రటి రేకు అక్కడ మెట్లు మెట్లుగా మారుతుంది. ముంచినప్పుడు రంగు కట్టు అంచులోకి కొద్దిగా పాకుతుంది కాబట్టి, నేసిన తర్వాత పువ్వు అంచు కాస్త మసకగా, వణికినట్టు కనిపిస్తుంది. కొత్తవారు దాన్ని తప్పనుకుంటారు. తెలిసినవారికి అదే చిటికి నేత సంతకం.

కట్టి రంగు వేసిన నూలును విప్పి, ఆరబెట్టి, కండెలకు చుట్టాలి. ఆ కండెలు వరస తప్పకూడదు. పది కండెలలో నాలుగోది అయిదో చోటికి పోతే పువ్వు మధ్యలో విరుగుతుంది. ఈ వరస చూసే పని చాలా ఇళ్లలో ఆడవారిది, ముసలివారిది. మగ్గం మీద కూర్చున్న ఒక్క మనిషే నేతగాడని బయటివారు అనుకుంటారు. నిజానికి ఇంటిల్లిపాదీ నేస్తారు. 2019-20 నాటి నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద నేత, అనుబంధ పనివారు 35 లక్షలకు పైగా తేలారు. వారిలో నూటికి డెబ్బైమందికి పైగా మహిళలే.

ఆసు పోసిన చేయి

విద్యార్థిని కాగితం మీద లెక్కించని శ్రమ ఒకటుంది. అది ఆసు పోయడం. పేక నూలును కట్టడానికి ముందు, అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల చుట్టూ చేత్తో పోయాలి. ఒక్క చీరకు చేయి మీటరు మేర సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. లెక్క వేస్తే ఒక్క చీరకు చేయి తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్టు. భుజాలు పడిపోయిన తల్లులు ఈ ప్రాంతంలో ఎందరో.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక, బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయినా, 1992 నుంచి ఏడేళ్లు పాటుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టి 'లక్ష్మి ఆసు యంత్రం' అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

నగరం నుంచి వచ్చే విద్యార్థులకు ఇందులో ఒక పాఠముంది. మల్లేశం కొత్త పువ్వు గీయలేదు, కొత్త రంగు కలపలేదు. పని చేసే చేయి ఎక్కడ నొస్తుందో చూశారు. మగ్గం దగ్గర నాలుగు రోజులు కూర్చుని ఆ నొప్పి చూసిన విద్యార్థిని గీసే గీతకూ, అద్దాల గదిలో కంప్యూటరు ముందు గీసే గీతకూ తేడా ఉండి తీరుతుంది.

పడుగు లెక్క

రెండో అడ్డంకి లెక్కలది. ఒక జతకు నాలుగు మీటర్ల చొప్పున ఆరు జతలకు 24 మీటర్ల బట్ట కావాలనుకుందాం. అంటే దాదాపు నాలుగు చీరల పొడవు. విద్యార్థిని మనసులో మాత్రం నాలుగేసి మీటర్లకు ఆరు వేర్వేరు డిజైన్లు, ఆరు వేర్వేరు రంగులు ఉన్నాయి.

దర్జీ దగ్గర ఇది చెల్లుతుంది, మగ్గం దగ్గర చెల్లదు. మగ్గానికి పడుగు ఎక్కించడం, ఒక్కొక్క పోగూ అతకడం, పన్నెలోంచి తీయడం రోజుల తరబడి పని. నాలుగు మీటర్లు నేసి పడుగు తీసేసి మళ్లీ కొత్తది ఎక్కించాలంటే నేసిన రోజులకంటే ఎక్కించిన రోజులే ఎక్కువవుతాయి. ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

ఉమ్మడి పని అన్న మాటకు అర్థం తెలిసేది ఇక్కడే. పంతం పట్టి ఆరు పడుగులు అడిగితే నేత కుటుంబం మర్యాదగా తప్పుకుంటుంది. కలిసి కూర్చుంటే దారి దొరుకుతుంది. పడుగు మొత్తం ఒకే రంగున, పువ్వులేమీ లేకుండా పోయవచ్చు. పువ్వంతా పేకలో పెట్టవచ్చు. అప్పుడు ఒకే పడుగు మీద పేక మార్చుకుంటూ పోతే నాలుగు మీటర్లకొక డిజైను వస్తుంది. పడుగు రంగు అన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి ఆరు జతలకూ పొత్తు దానంతటదే కుదురుతుంది. కలెక్షన్‌కు కావలసింది అదే కదా!

పడుగులోనూ పేకలోనూ రెండింటా కట్టి, మగ్గం మీద రెండు పువ్వులనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చే జంట నేత మరీ కష్టమైనది. ఎర్రటి, నల్లటి, తెల్లటి తేలియా రుమాళ్లకు పేరుపొందిన పుట్టపాకలో ఆ పనితనం ఉన్నది. నూలును నువ్వుల నూనెలో, ఆముదపు కాయల బూడిదలో పదును పెట్టి చేసే ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పుట్టపాక నేతకు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. నాలుగు నెలల గడువున్న విద్యార్థిని జంట నేత జోలికి పోకుండా ఉండడమే మేలు. పెద్దలు ఆ మాట చెప్పినప్పుడు వినడం కూడా చదువులో భాగమే.

పెళ్లిళ్ల కాలం, పరీక్షల కాలం

మూడో అడ్డంకి పంచాంగంలో ఉంది. కళాశాలల్లో చివరి సంవత్సరం పని జనవరిలో ఊపందుకుని మే నాటికి ముగియాలి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాల ముహూర్తాలు సరిగ్గా అప్పుడే. పట్టుచీరల గిరాకీ అంతా ఆ నెలల్లోనే. సంవత్సరం మొత్తానికి నాలుగు రాళ్లు మిగిలేది ఆ రోజుల్లో. ఆ సమయంలో మగ్గం మీది పెళ్లిచీర దించి విద్యార్థిని నమూనా ఎక్కించమంటే ఏ ఇల్లయినా ఎలా ఒప్పుకుంటుంది?

ముందుగా వర్షాకాలంలో వద్దామంటే అదొక తంటా. గుంట మగ్గాల్లోకి నీరు ఊరుతుంది. రంగు వేసిన నూలు ఆరదు. తేమకు పోగు మెత్తబడి పడుగు సాగుతుంది. దసరా, దీపావళి నాటికి మళ్లీ దుకాణాల తొందర. ఇక మిగిలేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉన్న కాలం. విద్యార్థిని చివరి సంవత్సరం మొదట్లోనే ఊరికి వచ్చి మాట్లాడుకుని, డిసెంబరు నాటికి బట్ట చేతికి వచ్చేట్టు చూసుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. కళాశాలలు తమ పాఠాల పట్టికను ఊరి పంచాంగం పక్కన పెట్టి చూసుకోవాలి. అది చేస్తే చిక్కుల్లో సగం విడిపోతాయి.

కత్తెర వేసే ముందు

బట్ట చేతికి వచ్చాక విద్యార్థిని పని మళ్లీ మొదలవుతుంది. చీరకు కత్తెర అక్కర్లేదు. కొంగు నుంచి అంచు దాకా నేసినది నేసినట్టే కట్టుకుంటారు. లంగా, జాకెట్టు, చొక్కా కుట్టాలంటే కోయాలి. కోస్తే ముక్కలు పోతాయి. తొమ్మిది కిలోమీటర్లు చేయి తిరిగి వచ్చిన బట్టలో ముక్కలు చెత్తబుట్టలో పడితే నేసినవారి కడుపు తరుక్కుపోతుంది.

తెలివైన విద్యార్థులు దీనికి ముందే ఉపాయం ఆలోచిస్తారు. మగ్గం పన్నె వెడల్పు ఎంతో తెలుసుకుని, ఆ వెడల్పు మొత్తం వాడుకునేట్టు చతురస్రాలుగా, నిలువు పట్టీలుగా కోతలు వేస్తారు. అంచును కుట్టులో దాచకుండా చేతుల చివర, మెడ చుట్టూ అందంగా నిలుపుతారు. రెండు ముక్కలు కలిసే కుట్టు దగ్గర పువ్వు విరగకుండా చూస్తారు. నేతగాడికి ముందే చెబితే, కుట్టు వచ్చే చోట పువ్వు లేకుండా ఖాళీ వదిలి నేయవచ్చు. దర్జీ, నేతగాడు, డిజైనరు ముగ్గురూ ఒకచోట కూర్చుంటేనే ఇది సాధ్యం. మన పెద్దల పంచె, కండువా, చీర ఒక్క ముక్కా వృథా కాని దుస్తులని ఈ విద్యార్థులకు ఇక్కడే తెలిసివస్తుంది.

పేరు ఎవరిది? పైకం ఎవరిది?

ఇంతవరకూ చెప్పినవన్నీ పనిలోని చిక్కులు. విప్పుకోవచ్చు. అసలు చిక్కు చివర్లో ఉంది. ప్రదర్శన రోజున దీపాల వెలుగులో ఆరు జతలు నడుస్తాయి. చప్పట్లు మోగుతాయి. పక్కన పలక మీద విద్యార్థిని పేరుంటుంది. నేసిన కుటుంబం పేరు ఉంటుందా?

కళాశాల విద్యార్థులు చెడ్డవారని దీని అర్థం కాదు. తల్లిదండ్రుల అప్పులతో చదివేవారే ఎక్కువ. ఆ అలవాటు ఎక్కడా లేదంతే. గీసినవాడిని కళాకారుడంటారు, నేసినవాడిని కూలి అంటారు. పువ్వు ఆలోచన విద్యార్థినిదే. అయితే దాన్ని గళ్లలోకి దించినది, రంగుల వరస నిర్ణయించినది, పడుగు ఉపాయం చెప్పినది నేత కుటుంబం. అది కూడా డిజైనే. ఆ పనికి కూలి ఒక్కటే ఇచ్చి పేరు ఇవ్వకపోతే ఉమ్మడి పని అనడం చెల్లదు.

నమూనాల సంగతి మరీ ముఖ్యం. ఒక రంగు నచ్చక మళ్లీ వేయమన్నా, ఒక మూర నేయించి పక్కన పెట్టినా ఆ రోజు కూలి పోయినట్టే. నిలువ డబ్బు లేని ఇంటికి రెండు రోజుల నమూనా అంటే రెండు రోజుల పస్తు. 'చదువుకునే పిల్లే కదా' అని మొహమాటపడి నేతవారు అడగరు. 'వాళ్లే సంతోషంగా చేశారు' అని ఇవతలివారు అనుకుంటారు.

ఇంకొక ప్రమాదమూ ఉంది. కలెక్షన్ ఫోటోలు సెల్‌ఫోన్లలో తిరిగిన మరుక్షణం నుంచి ఆ పువ్వు ఎవరి చేతికైనా చిక్కవచ్చు. మరమగ్గాల మీద నేసిన బట్టకు అదే పువ్వు అచ్చువేసి చవకగా దింపితే అసలు బట్టకు గిరాకీ పడిపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో వేరే బట్ట అమ్మడం నేరమే. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం కూడా చేశారు. మొదట 22 రకాలుండగా తర్వాత 11కు తగ్గాయి. అయితే చట్టం పుస్తకంలో ఉండడం వేరు, బజారులో ఉండడం వేరు.

కొత్తగా చేసిన డిజైనును 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. పదేళ్లు హక్కు ఉంటుంది, మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. ఒక్క షరతు గుర్తుపెట్టుకోవాలి. నమోదుకు ముందే డిజైను లోకానికి చూపిస్తే అది కొత్తది కాకుండా పోతుంది. ఫోటోలు తర్వాత, దరఖాస్తు ముందు. దరఖాస్తులో రెండు పేర్లూ ఉంటే హక్కు కూడా ఉమ్మడి అవుతుంది.

కొనేవారికి కూడా ఒక మాట. అసలైన చిటికి బట్టను తిరగేసి చూస్తే రెండు వైపులా పువ్వు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన బట్ట వెనక్కి తిప్పితే పువ్వు వెలవెలబోతుంది. 2006 నుంచి అమలులో ఉన్న చేనేత గుర్తు ఉన్నదో లేదో చూడడమూ మంచిది.

ముందు నడిచినవారు

కళాకారుడూ నేతగాడూ కలిసి పనిచేయడం మనకు కొత్తేమీ కాదు. 1950ల రెండో సగంలో పుపుల్ జయకర్ చొరవతో దేశంలో చేనేత సేవా కేంద్రాలు మొదలయ్యాయి. కె.జి. సుబ్రమణ్యన్ వంటి పేరున్న చిత్రకారులు వాటిలో నేతవారితో కలిసి పనిచేశారు. పోచంపల్లి కూడా నేర్చుకుంటూ పెరిగిన ఊరే. నూలు చీరలు నేసే ఆ ఊరి యువకులు 1950ల మధ్యలో కాశీకి వెళ్లి పట్టునేత నేర్చుకుని వచ్చారు. ఇవాళ పోచంపల్లి పట్టు అని లోకం చెప్పుకుంటున్నది ఆ నేర్చుకున్న విద్య ఫలమే. అంటే నేతగాడు ఒకనాటి విద్యార్థి కూడా.

హైదరాబాదులోనే సురయ్యా హసన్ బోస్ అన్న మహిళ దర్గా హుస్సేన్ షావలీ దగ్గర మగ్గాలు పెట్టి, మరుగునపడిన హిమ్రూ, మష్రూ నేతలను నిలబెట్టారు. భర్తలను పోగొట్టుకున్న స్త్రీలకు నేత నేర్పి మగ్గం మీద కూర్చోబెట్టారు. వారి పిల్లల కోసం పక్కనే బడి నడిపారు. 1928లో పుట్టిన ఆమె 2021లో కన్నుమూశారు. డిజైనర్లు ఎందరో ఆమె దగ్గరికి వెళ్లేవారు. వచ్చినవారు ముందుగా చూసేది ఆ స్త్రీల పనినే.

గుజరాతులోని కచ్ ప్రాంతంలో మరో దారి తొక్కారు. 2005లో జూడీ ఫ్రేటర్ అనే ఆమె ఆధ్వర్యంలో 'కళారక్షా విద్యాలయ' మొదలైంది. అక్కడ విద్యార్థులు నగరం పిల్లలు కారు. నేసేవారు, కుట్టేవారు, రంగులద్దేవారే విద్యార్థులు. ఇంటి పని మానకుండా కొద్ది వారాల చొప్పున విడతలుగా పాఠాలు. చివరికి కలెక్షన్ చేసి చూపేది వారే, పలక మీద పేరూ వారిదే.

ఊరివారు అడగవలసినవి

మగ్గమున్న ఇంటికి ఏ విద్యార్థి వచ్చినా ఆదరించాలి. అతిథి మర్యాద మన ఊళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆదరిస్తూనే కొన్ని మాటలు ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ క్షేమం.

నూలు, రంగుల ఖర్చు ముందుగా ఇవ్వాలి. నేత కుటుంబం చేతి డబ్బు పెట్టకూడదు. నమూనాకు కూడా రోజు లెక్కన కూలి ఉండాలి. ఎన్ని సార్లు మార్పులు చేయవచ్చో ముందే అనుకోవాలి. గడువు ఇద్దరూ కలిసి పెట్టుకోవాలి. ప్రదర్శన పలక మీద, పుస్తకంలో, ఫోటో కింద నేసినవారి పేరు, ఆసు పోసిన ఇంటి ఆడవారి పేరు, ఊరి పేరు రాయాలి. డిజైనుకు తర్వాత గిరాకీ వస్తే ఆ పని మొదట ఆ ఇంటికే ఇవ్వాలి. ప్రదర్శనకు నేసినవారిని పిలవాలి, రానుపోను ఖర్చులు కళాశాల భరించాలి. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకం చేస్తే చాలు, వకీలు అక్కర్లేదు. సహకార సంఘం సాక్షిగా ఉంటే మరీ మంచిది.

కళాశాలల వారు చేయదగ్గ పని ఒకటుంది. కలెక్షన్‌కు మార్కులు వేసేటప్పుడు బట్ట అందంతో పాటు, నేసినవారికి కూలి అందిందా, పేరు ఉన్నదా అని కూడా చూడాలి. దానికి పది మార్కులు పెడితే మరుసటి సంవత్సరం నుంచి ఏ విద్యార్థీ మరిచిపోడు.

మన పిల్లలే ఆ బల్ల మీద

ఇన్నాళ్లూ చేనేత సాంకేతిక విద్య చదవాలంటే మన పిల్లలు వెంకటగిరికో, పొరుగు రాష్ట్రాలకో పోవలసి వచ్చేది. 2024 సెప్టెంబరు 9న హైదరాబాదులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట భారత చేనేత సాంకేతిక సంస్థ ప్రారంభమైంది. మూడేళ్ల డిప్లొమా, 60 సీట్లు. హైదరాబాదు రాష్ట్రంలో చేనేత సహకార సంఘాలను నిలబెట్టిన నాయకుడు బాపూజీ. ఆయన పేరున్న బడిలో మగ్గం ఇంటి పిల్లలు కూర్చోవడం సముచితమే.

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు పోచంపల్లికి వచ్చి మగ్గాలు చూసి వెళ్లారు. 1951లో వినోబా భావే కాలినడకన వచ్చి, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరెకరాలతో భూదానం మొదలుపెట్టిన ఊరది. లోకం దృష్టి ఆ ఊరి మీద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దృష్టితో కడుపు నిండదు. కొడుకు నగరంలో కాపలా ఉద్యోగానికి పోతానంటే, మగ్గం దగ్గరే ఉండమని చెప్పగల ధైర్యం తండ్రికి రావాలి. ఆ ధైర్యం వచ్చేది కూలి పెరిగినప్పుడు, పేరు నిలిచినప్పుడు.

రామంతాపూర్ గదిలో కూర్చుని గళ్ల కాగితం నింపుతున్న పిల్ల మంచి పనే చేస్తోంది. ఆమె గీత వల్ల చీర కట్టని వారు కూడా చిటికి బట్ట తొడుక్కుంటే మగ్గానికి పని పెరుగుతుంది. ఆరు జతల బట్టకు ఒక చిన్న చీటీ కుడతారు కదా! దాని మీద రెండో పేరుకు చోటు వదలడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. ఆ పని ఈ సంవత్సరం కలెక్షన్‌తోనే మొదలుపెట్టవచ్చు.